ఎస్పెరాంతో నిజంగా ఫెయిలైందా? పోస్టాఫీసు కౌంటరు వెనక కూర్చున్నవాడి జవాబు

కందుకూరులో డిగ్రీ చదువుతున్న ఒక అబ్బాయి అడిగింది టూకీగా ఇదీ: "ప్రపంచమంతటికీ ఉమ్మడి భాషగా ఎస్పెరాంతో అని ఒకటి తయారుచేశారట. ఎందుకు ఫెయిలైంది? ఇప్పటికీ ఎవరైనా మాట్లాడతారా? నేను నేర్చుకుంటే టైం వేస్టా?"

అబ్బయ్యా, ముందు సూటిగా చెప్పేస్తాను. దేశాలన్నీ ఒప్పుకుని వాడే భాష కావాలన్న కోరిక తీరలేదు, తీరే సూచనలు కూడా లేవు. భాషగా మాత్రం అది ఫెయిల్ కాలేదు. 1887లో జామెన్‌హోఫ్ అనే కళ్ల డాక్టరు అచ్చేసిన చిన్న పుస్తకం అది. ఇవాళ ఇంట్లో అమ్మానాన్నల నోట విని దాన్ని పుట్టుభాషగా నేర్చిన పిల్లలున్నారు. ఉద్యోగం కోసమైతే నేర్చుకోవద్దు, ఆ టైంలో ఇంగ్లీషు బాగుచేసుకో. కుతూహలం కోసమైతే ఆర్నెల్లు చాలు, నష్టమేమీ లేదు.

నా సంగతి చెప్పాలి కదా. నేను కావలిలో ఉంటాను. పోస్టల్ డిపార్ట్‌మెంట్‌లో 38 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఎస్పెరాంతో 1987లో మొదలుపెట్టాను. ఆ ఏడు దానికి నూరేళ్లు నిండాయి, వార్సా మహాసభకు ఆరు వేల మంది దాకా వచ్చారని పేపర్లో చిన్న వార్త పడింది. "ఆరు వేల మందీ అనువాదకులు లేకుండా మాట్లాడుకున్నారు" అన్న ముక్క దగ్గర నా కన్ను ఆగింది. నేను భాషావేత్తను కాదు. ఈ ఉద్యమాన్ని ఉత్తరాలు మోసేవాడి కళ్లతో చూశాను, అందుకని నా జవాబులో పోస్టు వాసన కాస్త ఎక్కువే ఉంటుంది.

జామెన్‌హోఫ్ 1859లో బియాలిస్తోక్ అనే ఊళ్లో పుట్టాడు. ఇప్పుడది పోలండ్, అప్పుడు రష్యా సామ్రాజ్యం. ఊళ్లో యిద్దిష్ (అక్కడి యూదుల భాష), పోలిష్, రష్యన్, జర్మన్ మాట్లాడేవాళ్లు. ఇందులో వింతేముంది అనుకుంటావు. మన నెల్లూరులో కోటమిట్టకు పోతే ఉర్దూ, సూళ్లూరుపేట దాటితే అరవం, రెండిట్లోనూ బేరమాడి కూరగాయలు తెచ్చుకుంటాం. అక్కడ అలా కాదు. ఏ భాష మాట్లాడితే ఆ మతం, ఆ జాతి అని లెక్క. వీధిలో నోరు తెరవగానే ఎవరిని కొట్టాలో తెలిసిపోయేది. యూదుల ఇంట పుట్టిన ఆ పిల్లవాడికి, అందరికీ ఒక ఉమ్మడి భాష ఉంటే ఈ కొట్లాటలు ఆగుతాయనిపించింది.

నా మటుకు ఇది సగమే నిజం. ఒకే భాష మాట్లాడేవాళ్లు కొట్టుకోవడం మనం చూడనిది కాదు. తర్వాత 1906లో ఆ బియాలిస్తోక్‌లోనే యూదుల మీద దారుణమైన దాడులు జరిగాయి. ఆ ఏడే జెనీవా మహాసభలో ఆయన ఆ సంగతి ఎత్తి మాట్లాడాడు. భాష ఒక్కటే మందు కాదని ఆయనకూ అప్పటికి అర్థమయ్యే ఉంటుంది. అయినా పని వదల్లేదు.

మొదటి రూపం 1878లో, పందొమ్మిదేళ్లకే తయారైంది. ఇంట్లో స్నేహితులను కూర్చోబెట్టి కేకు కోసి ఆ భాషలో పాట పాడారు. తర్వాత వైద్యం చదువు, పెళ్లి. మామగారి డబ్బు సాయంతో 1887 జులైలో వార్సాలో మొదటి పుస్తకం వచ్చింది, అదీ రష్యన్ భాషలో. పదహారు సూత్రాల వ్యాకరణం, తొమ్మిది వందల పైచిలుకు ధాతువులు. రచయిత పేరు "దొక్తోరో ఎస్పెరాంతో", అంటే ఆశపడే డాక్టరు. ఆయన భాషకు పెట్టుకున్న పేరు "అంతర్జాతీయ భాష" అనే. జనం కలంపేరునే భాషకు తగిలించేశారు.

నాకు ఇష్టమైన సంగతి ఆ పుస్తకంలోని చీటీలు. చింపి, సంతకం పెట్టి, పోస్టు చెయ్యాలి. అందులో రాసింది: కోటి మంది ఇలాగే మాటిస్తే నేనూ ఈ భాష నేర్చుకుంటాను. కోటి! తలా ఒకరూ "ముందు మిగతావాళ్లు రానీ" అని కూర్చునే జబ్బుకు ఆయన కనిపెట్టిన మందు అది. చీటీలు కోటి రాలేదు, దాని దరిదాపులకు కూడా రాలేదు. అప్పుడాయన కోటి సంగతి పక్కనపెట్టి, 1889లో నేర్చుకున్న వెయ్యి మంది పేర్లూ చిరునామాలూ అచ్చేసి పంచాడు. నన్నడిగితే ఈ ఉద్యమం అసలు పుట్టింది వ్యాకరణంతో కాదు, ఆ అడ్రసు పుస్తకంతో. భాష అన్నాక అవతల ఎవరో ఒకరుండాలి గదా. పక్క ఊళ్లో కాకపోతే పక్క దేశంలో ఒకరున్నారని ఆ పుస్తకం చెప్పింది. స్టాంపు ఉంటే చాలు.

ఇప్పుడు నీ ప్రశ్నలో గట్టి ముక్కకు వద్దాం. కృత్రిమ భాషలు ఎన్నో పుట్టి పోయాయి, ఇదొక్కటే ఎందుకు నిలిచింది?

దీనికి ముందు వోలాప్యూక్ అని ఒకటి ఉండేది. ష్లేయర్ అనే జర్మన్ ఫాదరీ 1879-80లో తయారుచేశాడు. కొన్నేళ్లు ఊపేసింది, యూరప్ అంతటా సంఘాలు వెలిశాయి. 1889లో పారిస్‌లో సభ పెట్టి అంతా ఆ భాషలోనే జరిపారు. అక్కడే కుండ పగిలింది. నేర్చుకున్నవాళ్లు కొన్ని మార్పులు కావాలన్నారు. తయారుచేసిన నేనే ఆఖరి మాట చెప్పాలని ష్లేయర్ పట్టుబట్టాడు. తలా ఒక దిక్కు పోయారు. నూరెంబర్గ్ సంఘమైతే మూకుమ్మడిగా ఎస్పెరాంతోలోకి మారిపోయింది, మొదటి ఎస్పెరాంతో పత్రిక వచ్చింది కూడా ఆ ఊరినుంచే.

జామెన్‌హోఫ్ దీనికి సరిగ్గా తిరగేసి చేశాడు. ఈ భాష మీద నాకే హక్కూ లేదు, ఇది అందరి సొత్తు అని మొదటి పుస్తకంలోనే రాసేశాడు. 1894లో మార్పుల మీద ఆ పత్రిక చందాదారుల చేత ఓటు వేయించాడు. ఎక్కువమంది వద్దన్నారు, సరేనన్నాడు. 1905లో ఫ్రాన్స్‌లో బులోన్ అనే సముద్రపు ఊళ్లో తొలి మహాసభ జరిగింది, 688 మంది వచ్చారు. అంతవరకు కాగితం మీదే ఉన్న భాషను ఇరవై దేశాల వాళ్లు అక్కడ నోటితో మాట్లాడి చూసుకున్నారు. ఆ ఏడే మూల సూత్రాల పుస్తకాన్ని స్థిరపరిచారు. దాన్ని ఎవరూ మార్చకూడదు, చివరికి ఆయన కూడా. కొత్త మాటలు మాత్రం ఎన్నైనా కలుపుకోవచ్చు. పునాది కదపొద్దు, పైన గదులు ఎన్నైనా వేసుకో అన్నట్టు. 1912 నాటికి నాయకత్వం నుంచి కూడా ఆయనే తప్పుకున్నాడు.

మధ్యలో ఇంటి గొడవ ఒకటి వచ్చింది. 1907లో పారిస్‌లో ఒక కమిటీ కూర్చుని ఏ అంతర్జాతీయ భాష మంచిదో తేలుస్తామంది. ఎస్పెరాంతో తరఫున మాట్లాడడానికి వెళ్లిన పెద్దమనిషి దె బోఫ్రాన్. సంస్కరించిన ఎస్పెరాంతో అని కమిటీ ముందుకొచ్చిన "ఇదో" భాష తనదేనని తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు. సినిమా కథలా ఉంటుంది. నాయకుల్లో చాలామంది ఇదో వైపు వెళ్లారు, మామూలు జనం వెళ్లలేదు. నిజం చెప్పాలంటే ఇదోలో కొన్ని సవరణలు మంచివే. అక్షరాల మీద టోపీ గుర్తులు తీసేశారు, ఇది నాకూ ఇష్టమే. కానీ సవరించడం మొదలుపెట్టినవాడికి ఆపడం తెలియాలి, వాళ్లకది తెలియలేదు. పైగా వాళ్ల ముఖ్య నాయకుడు, కుతురా అనే ఆయన, 1914లో కారు ప్రమాదంలో పోయాడు.

ఇక దెబ్బల సంగతి. ఫెయిలైందనేవాళ్లు చాలామంది ఈ భాగం వదిలేస్తారు.

మొదటి దెబ్బ 1895లోనే పడింది. టాల్‌స్టాయ్ రాసింది అచ్చేసినందుకు రష్యాలో సెన్సారువాళ్లు ఆ నూరెంబర్గ్ ఎస్పెరాంతో పత్రికను ఆపేశారు. చందాదారుల్లో ఎక్కువమంది రష్యాలోనే ఉండేవాళ్లు, పత్రిక మూతపడింది. తర్వాత 1914 ఆగస్టులో పారిస్ మహాసభ. 3,700 మందికి పైగా పేర్లిచ్చారు. జామెన్‌హోఫ్ రైల్లో బయలుదేరి కొలోన్ దాకా వచ్చాడు, యుద్ధం మొదలై వెనక్కి తిరిగాడు. యుద్ధం ముగియడం ఆయన చూడలేదు, 1917లో వార్సాలో పోయాడు.

ఆ యుద్ధంలోనే మా పోస్టల్‌వాళ్లు గర్వపడే పని ఒకటి జరిగింది. హెక్టర్ హోడ్లర్ అనే స్విస్ కుర్రాడు 1908లో విశ్వ ఎస్పెరాంతో సంఘం పెట్టి, ఊరూరా ఒక ప్రతినిధిని పెట్టుకుంటూ వచ్చాడు. యుద్ధంలో శత్రు దేశాల మధ్య టపా ఆగిపోయింది. అటు కొడుకు, ఇటు తల్లి, క్షేమం తెలిసే దారి లేదు. స్విట్జర్లాండ్ ఏ పక్షమూ కాదు గనక, జెనీవాలోని ఈ సంఘం ఆఫీసు అటునుంచి ఉత్తరాలు తీసుకుని ఇటు పంపింది. వేల కుటుంబాలకు. అందులో ఎస్పెరాంతో రానివాళ్లే ఎక్కువ. అడ్రసు పుస్తకం అక్కరకొచ్చింది.

తర్వాత వచ్చిన పెద్ద అవకాశం నానాజాతి సమితి, అంటే ఐక్యరాజ్యసమితికి ముందు ఉన్న దేశాల సంఘం. సమితి ఉప కార్యదర్శి, జపాన్‌కు చెందిన నితోబె, 1921లో ప్రాగ్ మహాసభకు స్వయంగా వెళ్లి చూసి మెచ్చుకుని నివేదిక ఇచ్చాడు. అడ్డం పడింది ఫ్రాన్సు. అప్పటికి దౌత్యానికి వాడే భాష వాళ్లది, ఉన్న కుర్చీ ఎవరు వదులుకుంటారు? 1922లో వాళ్ల విద్యామంత్రి బడుల్లో ఎస్పెరాంతో చెప్పడానికి గదులివ్వొద్దని ఉత్తర్వు కూడా వేశాడు. తమాషా ఏమిటంటే, కొన్ని దశాబ్దాలకు ఆ కుర్చీ ఎలాగూ పోయింది, ఇంగ్లీషు ఎక్కి కూర్చుంది. నీ ప్రశ్నకు ఒక్క కారణం చెప్పమంటే ఇదే చెబుతాను: ఎవరిదీ కాని భాష కోసం ఏ ప్రభుత్వమూ పట్టుబట్టదు. మన సంగతే చూడు. తెలుగువాళ్ల రాష్ట్రం కోసం ప్రాణమిచ్చిన పొట్టి శ్రీరాములు పేరు మా నెల్లూరు జిల్లాకు పెట్టుకున్నాం. "మాది" అనుకున్న భాషకు ఆ బలం ఉంటుంది. "అందరిదీ" అన్నదానికి నిరాహార దీక్షకు కూర్చునేదెవరు?

చిన్న గెలుపు ఒకటుంది, మావాళ్లకు తప్ప ఎవరికీ పట్టదు. 1925లో అంతర్జాతీయ టెలిగ్రాఫ్ యూనియన్ ఎస్పెరాంతోను తంతి పంపడానికి "స్పష్ట భాష"గా ఒప్పుకుంది. అంటే కోడ్ భాష కింద లెక్కకట్టరు. 2013లో మన దేశంలో తంతే ఆగిపోయింది, అది వేరే కథ.

తర్వాతి భాగం రాయడం కష్టం. హిట్లర్ తన పుస్తకంలోనే ఎస్పెరాంతోను యూదుల పన్నాగమన్నాడు. అధికారంలోకి వచ్చాక జర్మనీలో సంఘాలను నిషేధించారు. జామెన్‌హోఫ్ ముగ్గురు పిల్లలూ నాజీల చేతుల్లోనే పోయారు. కొడుకు ఆదామ్‌ను 1940లో కాల్చేశారు, కూతుళ్లు జోఫియా, లిదియాలను 1942లో ట్రెబ్లింకాలో చంపేశారు. అటు సోవియట్ దేశంలో మొదట ప్రోత్సహించి, 1937-38లో స్టాలిన్ హయాంలో ఎస్పెరాంతోవాళ్లను పట్టుకుపోయారు, చాలామందిని చంపారు. మోపిన నేరం విదేశీయులతో సంబంధాలు, గూఢచర్యం. ఉద్యమాన్ని పుట్టించిన అడ్రసు పుస్తకమే అక్కడ నేరానికి సాక్ష్యమైంది. నేను కౌంటరులో కూర్చుని హంగరీకి కవరు మీద స్టాంపు అంటిస్తున్నప్పుడు ఇది చాలాసార్లు గుర్తొచ్చేది.

యుద్ధం తర్వాతది త్వరగా చెప్పేస్తాను. 1954లో మాంటెవిడియోలో యునెస్కో దీని ఆశయాలను గుర్తిస్తూ తీర్మానం చేసింది, 1985లో సోఫియాలో ఇంకొకటి. కాగితం మీద గౌరవం, అంతే. 1974 నుంచి "పాస్పోర్తా సెర్వో" అని ఒకటి నడుస్తోంది: భాష వస్తే చాలు, ఆ జాబితాలోని వాళ్లు తమ ఇంట్లో ఉచితంగా బస ఇస్తారు. మళ్లీ అడ్రసు పుస్తకమే, చూశావా. మనవాళ్లలో చెప్పుకోదగ్గ మనిషి ప్రబాల్ దాస్‌గుప్తా. బెంగాలీ భాషావేత్త, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో చాలాకాలం పాఠాలు చెప్పారు, 2007 నుంచి 2013 దాకా విశ్వ సంఘానికి అధ్యక్షులు. ఇంటర్నెట్ వచ్చాక మళ్లీ ఊపిరి పోసుకుంది. ఎస్పెరాంతో వికీపీడియాలో మూడు లక్షలకు పైగా వ్యాసాలున్నాయి. 2015లో భాషలు నేర్పే డువోలింగో యాప్‌లో కోర్సు వచ్చింది. 2024 మహాసభ టాంజానియాలోని అరుషాలో జరిగింది, ఆఫ్రికాలో అదే మొదటిది. ఎంతమంది మాట్లాడతారంటే లక్ష అనేవాళ్లున్నారు, ఇరవై లక్షలనేవాళ్లున్నారు. నేను ఎవరితోనూ పందెం కట్టను.

ఇక తెలుగువాడికి ఎలా ఉంటుందో చెబుతాను, ఇది నీకు పుస్తకాల్లో దొరకదు.

ఇంగ్లీషువాళ్లు ఏడ్చే చోట మనకు సుఖం. కర్మకు చివర "న్" చేర్చాలి. "లా హుందో మోర్దిస్ లా కాతోన్" అంటే కుక్క పిల్లిని కరిచింది. మాటలు అటూ ఇటూ మార్చినా అర్థం మారదు, మనకు "ని, ను" ఉన్నట్టే. నామవాచకాలన్నీ "ఓ"తో ముగుస్తాయి, అచ్చుతో ముగిసే మాటలు మన నోటికి హాయి. ఇంకొకటి: చలి, చాప అనేటప్పుడు మనం పలికే "చ" ఉంది చూడు, సరిగ్గా ఆ శబ్దానికి వాళ్లకో అక్షరం ఉంది. జడలోని "జ" కూడా దొరుకుతుంది. మాటకు మాట అతికించడమూ మన పద్ధతే. "సానా" అంటే ఆరోగ్యంగా ఉన్న, "మల్" చేరిస్తే తిరగబడుతుంది, "ఉల్" మనిషి, "ఏయ్" చోటు. అన్నీ అతికిస్తే "మల్సనులేయో", ఆస్పత్రి. సంస్కృతం పుణ్యమా అని నోమో (నామం), దెంతో (దంతం), గెనూవో (జాను), నోవా (నవ) లాంటివి చూడగానే తెలిసిపోతాయి.

కష్టాలూ ఉన్నాయి. విశేషణానికి కూడా బహువచనం, ఆ "న్" రెండూ తగిలించాలి, మనకా అలవాటు లేదు. మాటల మూలాలు దాదాపు అన్నీ యూరప్‌వే, కాబట్టి తటస్థ భాష అన్న మాట మనకు పూర్తిగా వర్తించదు. ఇది ఒప్పుకోని ఎస్పెరాంతోవాళ్లతో నేను వాదించి వాదించి అలిసిపోయాను.

నా తొలి తప్పు చెబుతాను, నవ్వుకో. హంగరీ కలం స్నేహితుడికి నాకు చేపలంటే ఇష్టమని రాద్దామనుకున్నాను. తెలుగులో "నాకు" అంటాం గదా, ఆ లెక్కన "న్" తీసుకెళ్లి నాకు తగిలించాను: "మిన్ షాతాస్ ఫిషో." నెల తర్వాత జవాబొచ్చింది: "మీరంటే ఇష్టపడే ఆ చేప ఆడదా, మగదా? పెళ్లెప్పుడు?" చేపకు నేనంటే ఇష్టమని రాశానన్నమాట. ఆ రోజుల్లో అవతలివాళ్లకు స్టాంపు ఖర్చు పడకుండా అంతర్జాతీయ రిప్లై కూపన్ పంపేవాళ్లం. మా ఆఫీసులో దాన్ని కొనేది నేనొక్కణ్నే. కౌంటరులో నాకు నేనే అమ్ముకుని నేనే ముద్ర వేసుకునేవాణ్ని.

ఓడిపోయిన సంగతి కూడా చెప్పాలి. తొంభైల్లో ఒక స్కూల్లో సాయంత్రం క్లాసులు పెట్టాను. 23 మంది చేరారు, మూడో నెలకు ఇద్దరు మిగిలారు. యాజమాన్యం అడిగింది ఒకటే, "దీనివల్ల పిల్లలకు మార్కులొస్తాయా, ఉద్యోగమొస్తుందా?" నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని ఇంట్లోవాళ్లు సరేసరి.

మరి దక్కిందేమిటంటే, ఒక ముచ్చట. జపాన్ నుంచి ఒక రిటైర్డ్ టీచరమ్మ మా ఇంటికి వచ్చి మూడ్రోజులున్నారు. ఆవిడకు ఇంగ్లీషు నాకంటే తక్కువ. అప్పుడు నెల్లూరులో రొట్టెల పండగ. బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువు నీళ్లలో నిలబడి, చదువు రొట్టె, పెళ్లి రొట్టె, ఆరోగ్య రొట్టె అని జనం మార్చుకుంటుంటే ఆవిడకు నేను చెప్పాలి. రొట్టె "పానో", దానికి ముందు ఒక్కొక్కటి అతికించుకుంటూ పోయాను: లెర్నోపానో, ఎద్జీజ్‌పానో, సాన్‌పానో. ఏ నిఘంటువులోనూ లేని మాటలు. ఆవిడ వెంటనే అందుకుని, "మరి నాకు మంచి మోకాళ్ల రొట్టె కావాలి" అని అప్పటికప్పుడు "గెనూపానో" అని కొత్త మాట పుట్టించారు. ఇద్దరం చెరువు గట్టున నవ్వుతూ నిలబడ్డాం. నాకు రాని జపనీస్, ఆవిడకు రాని తెలుగు, ఆ పూట అడ్డం రాలేదు.

కాబట్టి అబ్బయ్యా, మొదలుపెట్టాలనుంటే ఫోన్లో డువోలింగోతో పాటు లెర్ను అనే వెబ్‌సైటు చూడు, ఉచితం. రోజుకు అరగంట. ఎవరితో మాట్లాడాలన్న టెన్షన్ పెట్టుకోకు, రాయడం ముందు వస్తుంది. పది పాఠాలయ్యాక మూడు వాక్యాలు రాసి ఇక్కడే పెట్టు, దిద్దుతాను. చేపల గురించి రాస్తే మాత్రం ఆ "న్" ఎవరికి తగిలించావో పంపేముందు ఒకసారి చూసుకో.